నరసాపురం లోగిళ్లు: కాలవ నీరు, గోదావరి కలప

వశిష్ఠ గోదావరి గట్టునున్న నరసాపురంలో పాత ఇల్లంటే మండువా లోగిలి. నాలుగు వైపులా వసారాలు, నడుమ ఆకాశం కనిపించే మండువా, వీధివైపు అరుగులు, వెనక పెరడు, నుయ్యి. ఈ అమరిక సభలోనివారికి వేరే చెప్పనక్కర్లేదు. ఆ ఇళ్లు ఎప్పటివి, ఎవరి డబ్బుతో లేచాయి, వాటిలో ఎవరెవరు బతికారు అన్నదే తేలవలసిన సంగతి.

పదిహేడో శతాబ్దంలో పాలకొల్లులో డచ్చివారు, నరసాపురాన్ని ఆనుకున్న మాధవాయపాలెంలో ఇంగ్లీషువారు వర్తకస్థానాలు పెట్టుకున్నారు. మాధవాయపాలెం వారి నోట ‘మడపొల్లం’ అయి, ఆ పేరుతో ఒక నూలుగుడ్డ ఐరోపా బజారుకెక్కింది. కుంఫిణీల కీచులాటల మీద రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. ఇళ్ల చరిత్రకు దానివల్ల ఒరిగేది తక్కువ. ఆనాటి ఇళ్ల మట్టిగోడ, తాటాకు కప్పు గాలివానకు ఆగేవి కావు.

అసలు కథ ధవళేశ్వరం ఆనకట్టతో మొదలవుతుంది. కాటన్ 1847లో పని ఎత్తుకున్నాడు, 1852లో పూర్తయింది. విజ్జేశ్వరం దగ్గర మొదలైన కాలవలు పశ్చిమ డెల్టాకు నీళ్లు తేవడమే కాదు, దారులు కూడా అయ్యాయి. ధాన్యం పడవల మీద పోయింది. సున్నం, పెంకు, కలప పడవల మీద వచ్చాయి. గాదెలు నిండి, పెరట్లో పురులు లేచాకే రైతుకు నాలుగు వసారాల ఇల్లు కట్టే ఆలోచన కలిగింది.

ఇందుకు సాక్ష్యం కప్పు మీదే ఉంది. నిచ్చెన వేసుకుని ఒక పెంకు తిప్పి, అడుగున బూజు వేలితో తుడిస్తే కంపెనీ పేరు అచ్చులో తేలుతుంది. మంగళూరులో బాసెల్ మిషన్‌వారు ఈ పెంకుల కార్ఖానా పెట్టింది 1865లో. ఆ అచ్చున్న పెంకు అంతకుముందుది కాజాలదు. (మంగళూరు పెంకు ఇక్కడ ‘బెంగుళూరు పెంకు’ ఎలా అయిందో ఆ పెంకుకే తెలియాలి.) కప్పు తర్వాత మార్చి ఉండొచ్చుగా అంటే, వాసాల మీద పాత పెండెల మేకుల గుర్తులు కనపడాలి. రెడ్డిరాజ్యాల చరిత్రను శాసనాల నుంచి రాబట్టిన మల్లంపల్లి సోమశేఖరశర్మ (1891–1963) స్మృతికి అర్పిస్తున్న ఈ ప్రసంగంలో పెంకు అడుగును శాసనంలా చదవడం అపచారం కాదు.

మండువా అతి ప్రాచీనమని, ‘బృహత్సంహిత’లోనే చతుశ్శాల ఉందని కొందరు పండితుల వాదం. నమూనా ప్రాచీనమే, కాదనేవారు లేరు. కానీ నమూనా వయసును ఇంటి వయసుగా చెప్పడం తాతగారి పుట్టినతేదీని మనవడికి అంటగట్టడమే. అంతకన్నా మొండిపట్టు కలప దగ్గర. ఏ స్తంభం తట్టినా రంగూన్ టేకే అంటారు. పుస్తకాల్లోనూ అదే మాట. కోరంగి, కాకినాడల నుంచి బర్మాకు ఓడలు నడిచిన మాట నిజం, బర్మాలో తెలుగువాళ్లకు ‘కోరంగీలు’ అన్న పేరు పడ్డదీ నిజం. ఆ ఓడల్లో ఎక్కువమంది కూలికి పోయినవాళ్లు. స్తంభాలు మోయించుకొచ్చిన ఆసాములు కాదు. మరోపక్క ఎగువన భద్రాచలం అడవులు. అక్కడి దుంగలు తెప్పలుగా కట్టి వదిలితే గోదావరే రాజమండ్రికి చేర్చేది. అక్కణ్ణుంచి కాలవ. గుమ్మం దాకా నీరే మోసుకొచ్చే కలపను వదిలి, సముద్రం దాటించి రేవులో దింపి మళ్లీ పడవకెత్తే కలప ప్రతి ఇంట్లోనూ ఉందనడం రైతు లెక్క తెలియనివారి మాట. పైగా ఈ ఇళ్లలో మద్ది, ఏగిస కూడా ఉన్నాయి; అవి మన్యం చెట్లు. రంగూన్ టేకు కొన్ని ఇళ్లకు రాలేదని కాదు. వచ్చినదానికన్నా చెప్పుకున్నది ఎక్కువ.

ఈ ఇళ్లలో ఉన్నది యజమానులొక్కరే కాదు. వీధి అరుగు కరణానికీ, బాటసారికీ, పంతులుగారి బడికీ చోటు. హైస్కూలు చదువుకు పల్లెల నుంచి వచ్చిన పేదపిల్లలు వారాలు చేసుకుని ఇంటికొక పూట తిన్నారు. వెనక వసారా విధవరాళ్లది, కోడళ్లది. వానొస్తే చూరుకింద గంగాళాలు పెట్టి నీళ్లు పట్టేదీ వాళ్లే. మిషనరీలు నేర్పిన లేసు అల్లిక ఆ చీకటి వసారాల్లోకే చేరింది. ఘోషాలో కూర్చుని అల్లిన చేతుల పనిని ‘తీరిక కాలక్షేపం’ అని లెక్కకట్టడంలోని మోసాన్ని జర్మన్ సామాజికశాస్త్రవేత్త మరియా మీస్ 1982లో పుస్తకంగా తెచ్చింది. పేటలో పాలేళ్ల గుడిసెలు లేకుండా ఏ లోగిలీ నడవలేదు. వాటి గోడలు మాత్రం మిగలలేదు.

ఆపైన నడిచినది క్లుప్తంగానే చెప్పాలి, గడియారం ఒప్పుకోవడం లేదు. 1942లో రంగూన్ జపాను చేతికి పోయి, బర్మా తెలుగువాళ్లు కాలినడకన తిరిగొచ్చారు. 1973 భూసంస్కరణల చట్టం లోగిలికి అన్నం పెట్టే భూమికి హద్దు గీసింది. 1985లో రాష్ట్రం వారసత్వ చట్టం సవరించి, అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకూ ఉమ్మడి ఆస్తిలో వాటా ఇచ్చింది. న్యాయమే, కానీ మండువాను పంచడానికి కొలబద్ద లేదు. చేపల చెరువులొచ్చాయి, స్లాబు ఇళ్లొచ్చాయి, పిల్లలు హైదరాబాదు, అమెరికా చేరారు.

ఇప్పుడు లోగిలి విప్పితే పెంకు, తలుపు, స్తంభం వేటికవి అమ్ముడవుతాయి. స్తంభం కొనేవాడు మొదట అడిగేది రంగూన్ టేకేనా అని. అమ్మేవాడు అవుననే అంటాడు.