ఆసుపత్రుల యంత్రాలు మాట్లాడుకునే భాష
(ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని ప్రసంగ పాఠం)



మాతృభాషను గురించి మాట్లాడవలసిన సభలో నేను యంత్రాల భాషను గురించి మాట్లాడుతున్నాను. అందుకు కారణం మా అమ్మ.

కడచిన సంవత్సరం ఆమెను ఒక ఆసుపత్రి నుండి మరొక ఆసుపత్రికి మార్చవలసి వచ్చినది. వివరాలన్నీ కంప్యూటరు ద్వారా ముందే చేరినవన్నారు. సూదిమందు ఇవ్వబోతూ నర్సు, పడని మందులేమైనా ఉన్నవా అని అలవాటు చొప్పున అడిగినది. "పెన్సిలిన్ పడదు తల్లీ" అన్నది అమ్మ. కంప్యూటరులో ఆ మాట లేదు. మొదటి ఆసుపత్రి దానిని వ్రాసుకున్నది, పంపినది కూడా!

ఆసుపత్రుల సాఫ్ట్‌వేరులో పనిచేసే మన పూర్వ విద్యార్థి ఒకరు దీని గుట్టు విప్పి చెప్పారు. వైద్య సమాచారాన్ని యంత్రాలు ఇచ్చిపుచ్చుకొనే పద్ధతిని నిర్ణయించడానికి 1987లో అమెరికాలో హెల్త్ లెవెల్ సెవెన్ అనే సంస్థ ఏర్పడినది. దాని ప్రమాణంలో రెండవ కూర్పు నేటికీ అనేక దేశాలలో వాడుకలో ఉన్నది. అందులో సందేశం వరుసలుగా సాగుతుంది. ప్రతి వరుసకు మూడక్షరాల పేరు, గడికీ గడికీ నడుమ నిలువు గీత. రోగి వివరాలకొక వరుస, పరీక్షా ఫలితాలకొకటి, పడని మందులకొకటి. అయితే చాలా గడులు నింపినా నింపకున్నా సరే. పైగా ఎవరికి వారు జెడ్ అక్షరంతో మొదలయ్యే సొంత వరుసలు చేర్చుకొనవచ్చు. అవి తెలియని యంత్రం వాటిని మౌనంగా వదలివేస్తుంది. అమ్మ పెన్సిలిన్ అటువంటి సొంత వరుసలోనే ప్రయాణించినది. రెండు ఆసుపత్రులూ ఒకే ప్రమాణాన్ని పాటించామన్నవే.

ఈ విశృంఖలతను అరికట్టడానికి మూడవ కూర్పు తెచ్చారు. అది రెండవదానితో పొసగలేదు. ఎక్కువమంది పాతదానినే అంటిపెట్టుకున్నారు. 2011లో మొలకెత్తిన ఫైర్ (నిప్పు కాదు, నాలుగు ఆంగ్లాక్షరాల పొడిపేరు) అనే కొత్త ప్రమాణమే 2021లో దేశమంతటా ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌కు ఆధారం. మేలైనదే. కాని పాత సందేశాలను ఇందులోనికి మార్చేటప్పుడు, ఆ సొంత వరుసల అర్థాన్ని వ్రాసినవారే చెప్పవలసి ఉంటుంది.

పేర్ల విషయంలో మన పొరపాటు కూడా ఉన్నది. ఆ రెండవ కూర్పులో ముందు వంశనామం, తరువాత సొంత పేరు. తెలుగువారికి ఇంటిపేరు ముందుంటుంది. మనం తరతరాలుగా ఉంటున్న ఈ తమిళనాట తండ్రి పేరులోని మొదటి అక్షరం ముందుంటుంది. మన పిల్లలకు బడి పుస్తకంలో ఒకటి, ఆధార్‌లో మరొకటి. "కె" అన్నది ఇంటిపేరో తండ్రి పేరో యంత్రానికేమి తెలుసు? ఒకే మనిషి ఇద్దరు రోగులవుతారు. ఆ చిక్కుతో ధ్రువపత్రాల కోసం నా గదికి వచ్చిన పూర్వ విద్యార్థులు ఈ సభలోనే ఉన్నారు.

ఈ సంవత్సరం నుండి ప్రవేశ దరఖాస్తులో ఇంటిపేరును, తండ్రి పేరును, బిడ్డ పేరును పొడి అక్షరాలతో కాక పూర్తిగా, వేర్వేరు గడులలో వ్రాయిస్తున్నాము. తల్లిదండ్రులు జనన ధ్రువపత్రాన్ని ఎదుట పెట్టుకొని నింపవలసినదిగా కోరుతున్నాను. పడని మందుల కోసం కూడా ఒక గడి చేర్చినాము. దానిని ఖాళీగా విడువక, ఏవీ లేకున్న "లేవు" అని వ్రాయండి.