వట్టితేరునకు వెరచిన సారథి



నేను పాఠశాలలో తెలుగు చెప్పుచుండిన దినములలో, పాఠము నడుమ విసుగు పుట్టినప్పుడు పిల్లల నొక ప్రశ్న యడుగుచుండెడివాడను: చంద్రునిపై మానవులు మొదట దిగిన యాత్రలో పోయినవారెవరు? ముందు బల్లలనుండి వెంటనే రెండు పేర్లు వచ్చెడివి, ఆర్మ్‌స్ట్రాంగు, ఆల్డ్రిన్ అని. "పోయినవారు ముగ్గురు గదా, మూడవవాడెవడు?" అని మరల నడిగినచో తరగతి యంతయు నిశ్శబ్దమయ్యెడిది. పంతులుగారు లెక్క తప్పిరేమో యని యొకరిద్దరు నా ముఖమువంక అనుమానముగా జూచెడివారు.

నేటి నా ప్రసంగము ఆ మూడవవానిని గూర్చినది. ఆయన పేరు మైకేల్ కాలిన్సు. అమెరికా వాయుసేనలో వైమానికుడుగా మొదలిడి, వ్యోమగామియై, చంద్రుని నేలకు సుమారు 110 కిలోమీటర్ల దూరమువరకు పోయి, దిగక తిరిగివచ్చినవాడు.

కాలిన్సు 1930వ సంవత్సరము అక్టోబరు 31వ తేదీన ఇటలీ దేశమందలి రోము నగరమున జన్మించెను. తండ్రి అమెరికా సైన్యమున అధికారి. ఆ కాలమున రోములో తన దేశమునకు సైనికప్రతినిధిగా నుండెను. పినతండ్రియు సైనికుడే, అందును సామాన్యుడు గాడు. కాలిన్సు వెస్టు పాయింటు సైనిక విద్యాలయమున 1952లో పట్టము పొంది బయటికి వచ్చునప్పటికి ఆ పినతండ్రి అమెరికా స్థలసేన కంతటికిని అధిపతి. అట్టి యింటి పిల్లవాడు స్థలసేనలో జేరి యెంత కష్టపడి పైకి వచ్చినను, చుట్టరికమువలన వచ్చెనని లోకము అనక మానదు. ఆ మాట పడుట కిష్టములేక, విమానములయెడ కుతూహలమును తోడు కాగా, అతడు వాయుసేనను గోరుకొనెను. చుట్టరికము జూచుకొని కొలువులు వెదకికొనువారినే యెక్కువగా జూచిన నాకు, చుట్టరికమునకు వెరచి త్రోవ మార్చుకొన్న యీ యువకుని సంగతి ముచ్చట గొలిపినది.

వాయుసేనలో అతడు సేబర్ అను జెట్ యుద్ధవిమానములను నడపెను. 1956లో ఫ్రాన్సు దేశమున సేనావిన్యాసములు జరుగుచుండగా, అతని యాసనమునకు వెనుక మంటలు లేచెను. ఆసనముతో గూడ వెలుపలికి ఎగసి, పారాచూట్ గొడుగు సాయమున ప్రాణముతో నేల జేరెను. కొన్ని యేండ్లకు కాలిఫోర్నియాలోని ఎడ్వర్డ్స్ స్థావరమున పరీక్షావైమానికుల పాఠశాలలో శిక్షణ పొందెను. పరీక్షావైమానికు డనగా సాహసికుడని మాత్రమే మనవారు తలతురు. అది సగము మాట. క్రొత్తగా నిర్మించిన విమానమును ఇంత వేగమున, ఇంత యెత్తున, ఇంత వంపున నడపి, అది ఎచ్చట వణకెను, ఎచ్చట మొరాయించెను, ఏ యంకె యొద్ద ముల్లు నిలిచెను అని చూచి, ఆ కల్లోలములోనే తొడపై కట్టుకొన్న కాగితమున వ్రాసికొనుట వాని పని. ప్రాణము పణముగా బెట్టి చేయు గుమాస్తాపని యనవచ్చును. భయము లేకుండుట కంటె, భయములో లెక్క తప్పకుండుట ఆ వృత్తికి ముఖ్యము. ఈ గుణము కాలిన్సునకు చంద్రుని వెనుక అక్కరకు వచ్చెను.

1962 ఫిబ్రవరిలో జాన్ గ్లెన్ అను వైమానికుడు వ్యోమనౌకలో భూమిని మూడుమారులు చుట్టివచ్చెను. అది విని కాలిన్సు నాసా సంస్థకు దరఖాస్తు పంపెను. వారు తీసికొనలేదు. మరుసటి యేడు మరల పంపెను. 1963 అక్టోబరులో ప్రకటించిన 14 మందిలో అతని పేరుండెను.

మొదటి యాత్ర 1966 జూలైలో. జెమిని 10 అను నౌకలో జాన్ యంగు అను సహచరునితో మూడు దినములు. ఆ యాత్రలో కాలిన్సు, నౌకకు గట్టిన 15 మీటర్ల త్రాడే యాధారముగా వెలుపలికి వచ్చి, అంతకుముందే అంతరిక్షమున విడువబడియున్న అజీనా యను వాహనమును జేరబోయెను. పట్టుకొనుటకు దానికొక పిడియైన లేదు. చేయి జారెను, దేహము తిరుగుచు దూరముగా పోయెను. మరల ప్రయత్నించి, దానికి అమర్చియున్న పరీక్షాపేటికను ఊడదీసి తెచ్చెను. ఆ తొందరలో కెమెరా చేజారి శూన్యమున బోయెను.

1968లో బంతియాట ఆడుచుండగా కాలు పట్టుతప్పుట అతడు గమనించెను. మెడయెముకల నడుమ మెత్తని బిళ్ల యొకటి తొలగి నరమును నొక్కుచున్నదని వైద్యులు తేల్చి శస్త్రచికిత్స చేసిరి. ఏ బృందము ఆ యేటి డిసెంబరున అపోలో 8లో చంద్రుని మొట్టమొదట చుట్టివచ్చెనో, ఆ బృందమున అతనికుండిన స్థానము మరియొకరి కిచ్చిరి. ఆ మిత్రులు భూమిని విడిచి చంద్రుని త్రోవ బట్టుటకు అనుమతి యిచ్చు మాటను, హ్యూస్టన్ నగరమున బల్లముందు కూర్చుండి రేడియోలో పలికినవాడు కాలిన్సే. ఆ మాట పలుకునప్పుడు నాలుకపై తీపి యెంత, చేదెంత యుండెనో మీరే యూహింపుడు. ఆరోగ్యము కుదిరిన పిదప అతనికి అపోలో 11లో స్థానము లభించెను.

ఆ యాత్ర యేర్పాటును కొంచెము వివరింపవలసియున్నది. కాకినాడ రేవున పెద్దయోడలు ఒడ్డునకు దూరముగా లంగరు వేసికొని యుండగా, సరకును నావలలో చేరవేయుట మీలో పలువురు చూచియుందురు. అపోలోకును అదియే యుక్తి. పెద్దనౌక పేరు కొలంబియా. భూమికి తిరిగి రాగలది అదియొక్కటే. చిన్ననావ పేరు ఈగిల్, అనగా గరుడపక్షి. ఇద్దరు అందులో గూర్చుండి చంద్రునిపై దిగుదురు. మూడవవాడు కొలంబియాలో చంద్రుని చుట్టును తిరుగుచుండవలెను. ఆకాశమున లంగరు లేదు గదా. ఈగిల్ మరల పైకి లేచుటకున్నది ఒకే యింజను. అది యంటుకొననిచో రెండవది లేదు. సగము లేచి చాలినంత యెత్తు చేరలేకపోయినచో, కొలంబియా సుమారు 15 కిలోమీటర్ల యెత్తువరకు దిగి దానిని వెదకి పట్టుకొనవచ్చును. అంతకు దిగువకు పోరాదు. నేలపై నిలుచుటకు దానికి కాళ్లు లేవు. ఇట్టి చిక్కులను 18 రకములుగా ఊహించి, ఒక్కొక్కదానికి ఏమి చేయవలెనో వ్రాసిన పుస్తకమును కాలిన్సు మెడలో వ్రేలాడదీసికొనెను.

గరుడుని పేరు వినగానే ఆదిపర్వము చదివినవారికి అతని యన్న జ్ఞప్తికి వచ్చును. వినత తొందరపడి గ్రుడ్డును చిదుమగా, తొడలు లేకయే పుట్టిన అరుణుడు సూర్యుని తేరునకు సారథి యయ్యెను. తమ్ముడు స్వర్గమునకు బోయి అమృతకలశము తెచ్చి ప్రఖ్యాతుడాయెను. అన్న దినదినమును తేరు నడపుచునే యున్నాడు. ఉదయమున అర్ఘ్యము విడుచువారిలో అరుణుని దలచువారెందరు? పాశ్చాత్యుల పురాణములలో అపోలో యనువాడు సూర్యరథమును నడపు దేవుడు. కాలిన్సు 1974లో ప్రకటించిన తన గ్రంథమునకు 'కారీయింగ్ ది ఫైర్' అని, అనగా నిప్పు మోసికొనిపోవుట యని పేరు పెట్టుచు, ఆ రథమునే తలచుకొనెను. నిప్పు నెట్లు మోయవలెను? ముందువెనుకలు చూచుకొని, జాగ్రత్తగా మోయవలెనని ఆయన వివరణము. సారథికి దగిన మాట.

1969 జూలై 16న ముగ్గురును బయలుదేరిరి. 20వ తేదీన ఈగిల్ విడిపోయెను. అది మొదలు మరల కలియువరకు సుమారు 28 గంటలు కాలిన్సు ఒంటరి. రెండు గంటలకొక చుట్టు. ప్రతి చుట్టులోను 48 నిమిషములు చంద్రుడే అడ్డమై, భూమితో గాని, దిగిన మిత్రులతో గాని మాటాడు వీలు లేదు. ఇంతటి ఏకాంతమును ఏ మానవుడు నెరిగియుండలేదని లోకము జాలిపడినది. ఆయన గ్రంథము చదివినవారికి వేరు సంగతి తెలియును. ఆ చీకటిలో తనకు దిగులు పుట్టలేదట, సంతృప్తియే కలిగినదట. దీపములు వెలిగించుకొని, వేడి కాఫీ త్రాగుచు, ఇల్లు చక్కదిద్దుకొను గృహస్థువలె నుండెను. నౌకను చల్లబరచు ద్రవము మితిమీరి చల్లనై, భాగములు గడ్డకట్టునేమో యను శంక యొకమారు కలిగెను. హ్యూస్టన్‌వారు పెద్ద విధానము నొకదానిని చేయుమనిరి. ఈయన మీటను ఒకమారు అటు త్రిప్పి, మరల ఇటు త్రిప్పి, ముల్లువంక చూచుచు తన పనులలో నుండెను. చంద్రుని వెనుకనుండి వెలువడునప్పటికి అది కుదుటబడెను. పరీక్షావైమానికుని లక్షణము!

ఆయనకు కుదరని పని యొకటి కలదు. ఈగిల్ ఏ చోట దిగినదో భూమిమీదివారికి సరిగా తెలియలేదు. కాలిన్సు పైనుండి పోవు ప్రతిమారును దూరదర్శినిలో కన్నుబెట్టి వెదకెను. ఒక్కమారును కనబడలేదు.

మరి భయము లేదా యందురా? కలదు, అది తన్ను గూర్చినది గాదు. వారిద్దరిని చంద్రునిపై విడిచి తానొక్కడే యింటికి రావలసివచ్చునేమో యను భయము ఆరు మాసములుగా తన మనస్సున రహస్యముగా నుండెనని ఆయన దాచక వ్రాసెను. వారు లేవలేకపోయినచో తాను ప్రాణత్యాగము చేయబోనని, వెంటనే యింటికి బయలుదేరుదునని, అయినను బ్రతికినన్నాళ్లు లోకము తన్ను వేలుపెట్టి చూపునని తనకు తెలియునని కూడ వ్రాసెను. ఈ మాటల యొద్ద నేను గ్రంథము మూసి చాలసేపు కూర్చుంటిని. యుద్ధమున బడినవానికి వీరస్వర్గము కలదు. తోడివారిని పోగొట్టుకొని, తన ధర్మము తప్పకయే, ఒంటరిగా ఇల్లు చేరినవానికి ఏమి కలదు? సుమంత్రుడు గంగయొడ్డున రాముని విడిచి అయోధ్యకు వచ్చిన ఘట్టము మీరెరుగుదురు. తన్నుగూడ అడవికి రానిమ్మని అతడు వేడుకొనెను, రాముడు ఒప్పుకొనలేదు. పురజనులు వట్టితేరును జూచి రాముడెక్కడ యని చుట్టుముట్టిరి. తప్పు సుమంత్రునిది గాదు. ఐనను ఆ వీధిలో తేరు తోలవలసినవాడు అతడే. కాలిన్సు ఆరు మాసములు వెరచినది ఆ వట్టితేరునకే.

21వ తేదీన ఇంజను అంటుకొనెను. ఈగిల్ చిన్న చుక్కవలె కనబడి, క్రమముగా పెరుగుచు వచ్చెను. దాని వెనుక నల్లని యాకాశమున భూమి యుదయించుచుండెను. కాలిన్సు ఆ దృశ్యమును ఛాయాచిత్రము దీసెను. నావలోని యిద్దరును, భూమిపైనున్న మానవకోటి యంతయు ఆ యొక్క చిత్రమున నిమిడియున్నారు. లేనివాడు దానిని దీసినవాడు మాత్రమే. నౌకలు రెండును కలియునప్పుడు ఒక్క క్షణము గట్టిగా నూగెను, ఆయన సరిదిద్దెను. తలుపు తెరువగా మొదట ఆల్డ్రిన్ వచ్చెను. కాలిన్సు అతని తలను రెండుచేతుల బట్టుకొని, దారితప్పి యిల్లుచేరిన బిడ్డను తండ్రి ముద్దాడునట్లు నొసట ముద్దిడబోయి, సిగ్గుపడి మానుకొని, చేయి కలిపి ఊరకుండెను. మన పెద్దలు దీనినే మూర్ధాఘ్రాణ మనిరి. మనవాడైనచో సిగ్గుపడకపోవును.

యాత్రకు ముందే వ్యోమగాముల పెద్ద, మరియొక యాత్రకు నిన్ను నాయకునిగా జేయుదునని సూచించెను. అంగీకరించినచో తానును చంద్రునిపై దిగియుండునేమో. భార్యకును మువ్వురు బిడ్డలకును ఇంకను కొన్ని యేండ్ల నిరీక్షణము విధింపజాలక, ఈ యాత్ర సఫలమైనచో ఇదియే కడపటిదని కాలిన్సు చెప్పివేసెను, అట్లే చేసెను. కొంతకాలము ప్రభుత్వ విదేశాంగశాఖలో పనిచేసి, 1971లో వాషింగ్టన్‌లోని జాతీయ వైమానిక అంతరిక్ష ప్రదర్శనశాలకు అధ్యక్షుడయ్యెను. దాని క్రొత్తభవనమును చెప్పిన గడువునకు, చెప్పిన ధనములోనే ముగించి 1976 జూలై 1న తెరచిరి. కట్టడములు కట్టించిన శ్రోతలకు దీని విలువ తెలియును. ఆయన 2021 ఏప్రిల్ 28న, తన 90వ యేట, ఫ్లోరిడాలో కాలధర్మము నొందెను.

ఒక్క సంగతి మిగిలినది. 1969 జూలై 24న సముద్రమున దిగిన తరువాత, హార్నెట్ అను యుద్ధనౌకపై ముగ్గురిని ఎవరితోను కలియనీయక వేరుగా నుంచిరి. కొలంబియాను ప్రక్కనే నిలిపి, నడుమ నొక దారి యమర్చిరి. కాలిన్సు ఒంటరిగా దానిలోనికి మరల పోయి, లోపలి గోడపై తన చేతితో, ఆ నౌక సంఖ్య 107 అనియు, దాని పేర్లును, అంతకుముందు వచ్చిన నౌకలలో ఇంతమంచిది లేదనియు వ్రాసి, దానికి దైవము మేలుచేయుగాక యని దీవించి, క్రింద సంతకము చేసెను. ఆ నౌక తరువాత ఆయన కట్టించిన ప్రదర్శనశాలకే చేరినది. గోడపై ఆ వ్రాత నేటికిని కలదు.