భోజనం చివర తీపి వైన్
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనలో చాలామంది పిల్లలు విదేశాల్లో స్థిరపడ్డారు. అక్కడికి వెళ్ళినప్పుడు ఏ విందులోనో భోజనం చివర బంగారు రంగు వైన్ చిన్న గ్లాసులో మన ముందు పెడతారు. "తియ్యగానే ఉంటుంది, ఏమీ కాదు, పుచ్చుకోండి మామయ్యగారూ" అంటారు. తాగమని గాని, మానమని గాని చెప్పడం నా ఉద్దేశం కాదు. పుచ్చుకున్నా, వద్దన్నా, అదేమిటో తెలిసి చేయాలని మాత్రమే నా మనవి.

ఈ రకం వైన్లలో పేరెన్నికగన్నది హంగరీ దేశపు టోకాయ్. అక్కడ బోద్రోగ్, టిసా నదులు కలిసేచోట శరత్కాలంలో ఉదయం పూట పొగమంచు కమ్ముతుంది. ఆ తేమకు ద్రాక్షపండ్లకు బోట్రైటిస్ అనే బూజు పడుతుంది. తరువాత ఎండ కాసి పండులోని నీరు తగ్గి, తీపీ పులుపూ చిక్కబడతాయి. అలా వడలిన పండ్లను ఒక్కొక్కటిగా చేత్తో ఏరతారు. ఖరీదు అందుకే. 1737లోనే రాజాజ్ఞతో ఆ ప్రాంతానికి హద్దులు నిర్ణయించారు. ఫ్రాన్సులో బోర్డో దగ్గరి సొటెర్న్ వైన్ కూడా ఈ బూజు చలవే.

కొనేవారు చీటీ చదవాలి. టోకాయ్ పేరుతో తీపిలేని వైన్లు కూడా వస్తాయి. తీపిది కావాలంటే 'అసూ' అన్న మాట ఉందో లేదో చూడాలి. సొటెర్న్ 375 మిల్లీలీటర్ల సగం సీసాల్లోనూ దొరుకుతుంది. మనిషికి 60 మిల్లీలీటర్ల చొప్పున ఆరుగురికి సరిపోతుంది.

వడ్డించే ముందు రెండు మూడు గంటలు ఫ్రిజ్‌లో ఉంచాలి. 10 డిగ్రీల ప్రాంతంలో బాగుంటుంది. మరీ చల్లబడితే సువాసన తెలియదు. పక్కన పెట్టే తినుబండారం వైన్ కంటే తియ్యగా ఉండకూడదు. బొబ్బట్టు, జిలేబీ తిని తాగితే వైన్ పుల్లగా తోస్తుంది, డబ్బు దండగ. బాదంపప్పు, అంతగా తీపిలేని పండ్లు నయం. ఫ్రెంచివారు సొటెర్న్‌తో రోక్‌ఫోర్ అనే ఉప్పటి జున్ను తింటారు. మిగిలినదానికి బిరడా బిగించి ఫ్రిజ్‌లో పెడితే కొన్నాళ్ళు నిలుస్తుంది.

ఇక మనకు ముఖ్యమైన లెక్క. 2013 పంట నుంచి అసూ వైన్‌లో లీటరుకు కనీసం 120 గ్రాముల చక్కెర ఉండాలన్నది నియమం. అంటే 60 మిల్లీలీటర్లలో 7 గ్రాముల పైమాటే, సుమారు చెంచాన్నర. దీన్ని మధుమేహం ఉన్నవారు ఆనాటి తిండి లెక్కలో కలుపుకోవాలి. అయితే చక్కెర ఒక్కటే చూస్తే చాలదు. ఇన్సులిన్, మరికొన్ని షుగరు మాత్రలు వాడేవారికి ఆల్కహాలు వల్ల కొన్ని గంటల తరువాత చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఖాళీ కడుపు అయితే మరీ ముప్పు. నిద్రమాత్రలు వాడేవారు అసలు ముట్టకూడదు. ప్రయాణానికి ముందే మందుల చీటీ చూపించి డాక్టరుగారిని అడగండి.

పిల్లలకు కూడా నా విన్నపం ఒకటి. తియ్యగా ఉంది గదా అని పెద్దవారిని బలవంతపెట్టకండి. "డాక్టరు వద్దన్నారు" అంటే అక్కడితో వదిలేయండి. కాగితం చదవకుండా సంతకం పెట్టని అలవాటు మనది. ఈ గ్లాసు విషయంలోనూ అదే పాటిద్దాం.