నాయన రూపాయి: పాత నాణేలను దాచుకునే పద్ధతి
(సంఘం నెలసరి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి, వైద్య బిల్లుల గురించి చెప్పగలవారు మనలో చాలామంది ఉన్నారు. నేను గుమాస్తాగా చేరి గుమాస్తాగానే రిటైరైనవాణ్ణి. నాకు కాస్త తెలిసిన విషయం పాత నాణేలు దాచుకోవడం. అదీ ఒక నాణెం పాడుచేసుకున్న తరువాత నేర్చుకున్నదే. కనుక ముందు నా తప్పు చెప్పుకుని, తరువాత జాగ్రత్తలు మనవి చేస్తాను.

మా నాయన 1938 ప్రాంతంలో వరంగల్ ఆజంజాహి మిల్లులో పనికి చేరాడు. మొదటి జీతంలోంచి ఒక చార్మినారు రూపాయి తీసి మా నానమ్మ చేతిలో పెడితే, ఆమె దాన్ని ఖర్చుపెట్టక దాచిందట. ఆ నాణెం మీద చార్మినారు గుమ్మంలో నిజాం పేరులోని మొదటి అక్షరం ఉంటుంది. మహబూబ్ అలీఖాన్ కాలం నాటివాటికి 'మీమ్', ఉస్మాన్ అలీఖాన్ కాలం నాటివాటికి 'ఐన్'. మాది ఐన్ రూపాయి. బరువు 11 గ్రాముల పైచిలుకు, నూటికి సుమారు 82 పాళ్లు వెండి.

1986 దీపావళికి లక్ష్మీపూజలో పెడదామని దాన్ని బయటికి తీశాను. నల్లగా ఉంది. చింతపండు, ఆపైన పళ్లపొడి వేసి బాగా తోమాను. తళతళలాడింది. సంతోషంగా తీసుకెళ్లి నాయన చేతిలో పెట్టాను. అప్పటికి ఆయనకు చూపు ఆనదు. బొటనవేలితో తడిమి, కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూసి, "ఇది నాది కాదురా. నా రూపాయి నల్లగ ఉండె" అన్నాడు. తోమానని చెప్పాను. ఏమీ అనలేదు. నాణెం నా చేతిలో పెట్టేశాడు. 1991లో పోయేవరకు మళ్లీ ఆ రూపాయి చూపించమని అడగలేదు.

తరువాత హైదరాబాదులో ఒక నాణేల ప్రదర్శనలో ఒక పెద్దాయన భూతద్దం కింద పెట్టి చూపించాడు. నాణెం నిండా సన్నని గీతలు. అక్షరాల అంచులు అరిగిపోయాయి. "బాబూ, నలుపు పోలేదు, నాణెమే పోయింది" అన్నాడాయన.

వెండి నల్లబడటానికి కారణం గాలిలోని గంధకపు వాయువులు. అవి వెండితో కలిసి పైన పలుచని నల్లని పొర కడతాయి. తోమితే ఆ పొరతోపాటు కొంత లోహం కూడా పోతుంది. నిదానంగా, సమంగా వచ్చిన నలుపు నాణేనికి హాని చేయదు. సేకరించేవారు దాన్నే మెచ్చుకుంటారు. కనుక మొదటి మాట: తోమవద్దు. చింతపండు, నిమ్మకాయ, విభూతి, పళ్లపొడి ఏదీ వద్దు. ఫోన్లలో చూపించే వంటసోడా, అల్యూమినియం రేకు ఉపాయమూ వద్దు.

రెండు, చుట్టిపెట్టే వస్తువులు. రబ్బరు బ్యాండులో గంధకం ఉంటుంది. మా పెట్టెలోని ఒక విక్టోరియా రూపాయికి అడ్డంగా నల్లని చార ఉంది, అది రబ్బరు బ్యాండు పెట్టిన వాతే. వార్తాపత్రిక కాగితం, మామూలు అట్టపెట్టె, ఉన్నిగుడ్డ కూడా పనికిరావు.

మూడు, ప్లాస్టిక్. మనం పాస్‌బుక్కుకు వేసుకునే మెత్తని తొడుగు, కొత్త రెయిన్‌కోటు వాసన వచ్చే సంచి సాధారణంగా పి.వి.సి.తో చేసినవి. కొన్నేళ్లకు వాటిలోంచి జిగట దిగి నాణేనికి ఆకుపచ్చగా అంటుకుంటుంది, రాగిని తినేస్తుంది. మైలారు, పాలీప్రొపిలీన్, పాలిథిన్ కవర్లు మేలు. నాణేల దుకాణంలో "పి.వి.సి. లేనివి" అని అడగండి. జిగట ఇప్పటికే అంటితే స్వచ్ఛమైన అసిటోను గాజుగిన్నెలో పోసి నాణేన్ని ముంచి తీయాలి, రుద్దకూడదు. కిటికీలు తెరిచి, నిప్పుకు దూరంగా, ఇంట్లో కుర్రవాళ్ల చేత చేయించండి. గోళ్లరంగు తుడిచే మందు దానికి బదులు కాదు.

నాలుగు, చేతులు. చేతి చెమటలో ఉప్పు ఉంటుంది. రాగి నాణెం మీద వేలిముద్ర పడితే కొన్నాళ్లకు అక్కడే మచ్చ తేలుతుంది. చేతులు కడిగి, పూర్తిగా తుడుచుకుని, అంచులు మాత్రమే పట్టుకోండి. కింద మెత్తని తువాలు పరవండి, మన చేతులు వణికే వయసు కదా.

ఐదు, చెమ్మ. 1943 నుంచి వచ్చిన చిల్లుకాణీలకు చిలుము పట్టేది, 1960ల నాటి అల్యూమినియం పైసలకు తెల్లని పొడి వచ్చేది చెమ్మ వల్లనే. మూత బిగుతుగా ఉండే డబ్బాలో సిలికాజెల్ పొట్లం వేయండి. నీలం రకమైతే చెమ్మ పీల్చుకుని గులాబీరంగుకు తిరుగుతుంది, అప్పుడు మార్చాలి. డబ్బాను వంటింట్లో, స్నానాలగది గోడవైపు, పూజగదిలో ఉంచవద్దు. కలరా ఉండలు దగ్గర పెట్టవద్దు. వెండి, రాగి, అల్యూమినియం దేనికది వేరుగా ఉంచండి.

పూజ మాటేమిటని మా శ్రీమతి అడిగింది. కొత్త వెండినాణెం ఒకటి కొని పూజకు కేటాయించాము. పసుపు కుంకుమలు, అభిషేకం అన్నీ దానికే. పాతవాటికి దూరం నుంచే నమస్కారం.

చివరగా ఒక మనవి. ఏటా లైఫ్ సర్టిఫికెట్టు ఇచ్చే రోజుల్లో ఒకసారి డబ్బా తెరిచి చూడండి. ఒక చిన్న నోటుపుస్తకంలో ఏ నాణెం ఎవరిది, ఎలా వచ్చింది అని రాసి పెట్టండి. మనతో ఆ సంగతి పోతే పిల్లలకు మిగిలేది తూకం వెండే. నేను మా మనవడికి నాయన రూపాయి ఇచ్చాను. గీతలు ఎందుకున్నాయో కూడా పుస్తకంలో రాశాను. తొమ్మిదేళ్లవాడు, అంచులు పట్టుకునే చూస్తాడు. ఇన్నేళ్లలో మళ్లీ నల్లబడుతోంది. దాన్ని అలాగే ఉండనిస్తున్నాము.