చెడిపోయిన రోజు లెక్క



పట్టా అందుకుంటున్న మీలో చాలామంది ఇక్కడికి బండి మీదే వచ్చి ఉంటారు. నేనూ ఈరోజు బండ్ల గురించే మాట్లాడతాను. పేరున్న కంపెనీ, నడిచే బండి, అయినా కొనేవాడు రాడు. ఎందుకు?

1972లో కేంద్ర ప్రభుత్వం లక్నోలో స్కూటర్స్ ఇండియా పెట్టి, ఇటలీ నుంచి లాంబ్రెట్టా స్కూటర్ తయారీ యంత్రాలను తెప్పించింది. ఆ స్కూటర్‌నే మన హైదరాబాద్ ఆల్విన్ 'పుష్పక్' పేరుతో తయారుచేసింది. ఫ్రిజ్‌లకూ బస్సు బాడీలకూ పేరుమోసిన కంపెనీ అది. జనం బజాజ్ చేతక్‌కు పేరు రాయించుకుని ఏళ్ల తరబడి కాచుకున్న కాలమది. అంత గిరాకీలోనూ పుష్పక్ నిలదొక్కుకోలేదు.

ఎందుకో తెలియాలంటే మన దగ్గర బండి ఎట్లా కొంటారో చూడండి. నల్లగొండలోనో నాగర్‌కర్నూల్‌లోనో పాత బండి బేరానికి పోయేటాయన ఒంటరిగా పోడు, తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకుపోతాడు. మెకానిక్ కిక్కు కొట్టి, ఇంజిన్ చప్పుడు విని, పొగ రంగు చూస్తాడు. ఆ తర్వాత ఈయన మూడే అడుగుతాడు: "లీటరుకు ఎంతిస్తది? సామాను దొరుకుతదా? మల్ల అమ్మితే ఎంతొస్తది?" రంగు మాట, వేగం మాట ఎత్తడు. దేవరకొండ దిక్కు పొద్దున్నే పాల క్యాన్లు కట్టుకుని బయలుదేరే మనిషికి బండి ఒక్కపూట ఆగితే ఆ పూట పాలు విరిగినట్టే. ఆయన నడిచే రోజును చూసి కొనడు, చెడిపోయే రోజును లెక్కేసుకుని కొంటాడు.

ఆ లెక్క పట్టుకున్నవాళ్లే గెలిచారు. 1980లో హోసూరు నుంచి వచ్చిన టీవీఎస్ 50, తర్వాత దాని ఎక్సెల్ బండ్లు పత్తి మూటలనూ ఎరువు బస్తాలనూ మోసుకుంటూ పల్లెల్లో పాతుకుపోయాయి. 1985లో హీరో హోండా సీడీ 100 తక్కువ పెట్రోలుతో ఎక్కువ దూరం పోయి, మోటార్‌సైకిల్‌ను సామాన్యుడి గడపలోకి తెచ్చింది. 2009లో మన దేశానికి వస్తున్నామని ప్రకటించిన హార్లీ డేవిడ్సన్ మాత్రం 2020లో ఇక్కడి కర్మాగారం మూసుకుంది. దానికి పేరుకు కొదవలేదు. కానీ ధర లక్షల్లో, బరువు రెండు క్వింటాళ్ల పైన, బాగుచేసే చోటు ఏ మహానగరంలోనో. మళ్లీ 2023లో ఇక్కడి హీరో కంపెనీ చెయ్యి పట్టుకుని, 2,29,000 రూపాయల ప్రారంభ ధరతో ఎక్స్ 440 మోటార్‌సైకిల్‌ను దింపింది. దారి ఎరిగినవాడి తోడు కావాలని దానికీ తెలిసొచ్చింది.

మీలో బండ్లు చేసేవాళ్లు కొద్దిమందే. కానీ ఒకరు బోరు మోటార్లు అమ్ముతారు, ఒకరు యాప్ రాస్తారు, ఒకరు బ్యాంకులో పంట రుణాలిస్తారు, ఒకరు బడిలో లెక్కలు చెబుతారు. పని మొదలుపెట్టే ముందు మిమ్మల్ని మీరు ఒక్కటి అడగండి: ఇది చెడిపోయిన రోజు ఆ మనిషి ఎవరి దగ్గరికి పోవాలి? ఎంత దూరం పోవాలి? పంట ఎండితే రుణం సంగతేమిటి? లెక్క అర్థంకాని పిల్ల ఎవరిని అడగాలి? దీనికి మీ దగ్గర జవాబు లేకపోతే, సరుకు ఎంత మంచిదైనా జనం నమ్మరు. ఆ నమ్మకపోవడం వాళ్ల తెలివితక్కువతనం కాదు, వాళ్ల అనుభవం.

కొత్త బండికి యాదగిరిగుట్టలో పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించే రోజు అందరూ చుట్టూ ఉంటారు. మీరు మాత్రం అది ఆగిపోయిన రోజు ఫోన్ ఎత్తేవాళ్లవ్వండి.