కాలదోషము పట్టకముందే
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



వార్ధక్యమున బుద్ధిని, ధనమును కాపాడుకొనుటను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్నాదేశించిరి. నేను వైద్యుడను గాను, న్యాయవాదిని గాను. సహకార పరపతి సంఘమున లెక్కలు వ్రాసికొనువాడను. సాయంకాలములందు ఈ గ్రంథాలయపు బల్లమీద భారతము చదువుకొన్నవాడను. గురుముఖమున నేర్చిన చదువు కాదు గనుక మాటలలో తప్పు దొరలినచో పండితులు మన్నింతురు గాక. లెక్కలలో దొరలినచో మాత్రము మన్నింపవలదు.

మా నాయనగారిని మీలో చాలమంది యెరుగుదురు. 1984లో కరణీకములు రద్దగువరకు ఈ యూరి కరణము ఆయనయే. ఈ గ్రంథాలయము వెలసిన నాటినుండి జమాఖర్చుల పుస్తకము ఆయన చేతిలోనే యుండెను. ప్రామిసరీ నోటు వ్రాయించుకొనువారు ఆయనయొద్దకే వచ్చెడివారు. రెవిన్యూ స్టాంపు అంటించి సంతకము చేయించిన పిదప ఆయన ఒక మాట తప్పక చెప్పెడివారు: “మూడేండ్లు నిండకముందే చెల్లు వ్రాయించుకో, నాయనా. లేదా నోటు తిరగ వ్రాయించుకో. గడువు దాటెనా, అది చిత్తుకాగితమే.”

2014లో గ్రంథాలయపు పుస్తకమున ఒకే చందా రెండుమారులు జమ పడియుండుట చూచితిని. మరునెలలో కూడిక తప్పెను. ఆయన చేతివ్రాత ముత్యములవలెనే యున్నది. అంకెలు మాత్రము అదుపు తప్పినవి. నేనేమి చేసితినో చెప్పెదను. ఎవరికిని చెప్పక, రాత్రి ఆయన నిద్రించిన పిదప ఆ తప్పులు దిద్ది, పుస్తకమును యథాస్థానమున పెట్టితిని. అది పితృభక్తి యనుకొంటిని. ఇట్లు రెండేండ్లు గడచెను.

2016లో ఏదో పట్టాకాగితము కొరకు ఆయన పెట్టె తెరువగా ఒక నోటు కనబడెను. పొలము అమ్మిన సొమ్ములో 1,80,000 రూపాయలు 2013లో ఒకరికి అప్పిచ్చినది. వెనుకవైపున ఒక్క చెల్లైనను లేదు. మూడేండ్లు నిండి నలువది దినములు దాటినది. బాకీదారు మర్యాదస్థుడే. మర్యాదగానే, “కాలదోషము పట్టినది కదండీ” అనెను. అది మా అమ్మగారి మోకాళ్ళ శస్త్రచికిత్సకని దాచిన సొమ్ము. మొదటి తప్పు కనబడిన నాడే ఆయన యెదుట కూర్చుండి, “నాన్నగారూ, ఇకమీదట ఇద్దరము కలసి చూచుకొందము” అని యుంటినా, ఆ పెట్టె గడువులోపలనే తెరచియుందుము. సిగ్గుపడి యూరకుంటిని. ఆ సిగ్గుకు నేను చెల్లించిన వెల యది.

ఇది మా యింటి వింత మాత్రమే కాదని తరువాత తెలిసినది. అమెరికా దేశమున ఒంటరిగా కాపురముండు వృద్ధుల లెక్కలను పరిశీలించి 2020లో ప్రకటించిన యొక పరిశోధనలో, మతిభ్రంశ వ్యాధి యని వైద్యులు నిర్ధారించుటకు ఆరేండ్ల ముందునుండియే అట్టివారు బాకీల వాయిదాలు తప్పుట హెచ్చినట్లు తేలెను. నాడిపట్టు వైద్యునికంటె ముందు చిట్టా పుస్తకమే చెప్పునన్నమాట. కనుక ఇంటిలో పెద్దలు ఒకే బిల్లును రెండుమారులు కట్టినను, బాకీ మరచినను నవ్వి యూరకుండవలదు, కసరుకొనను వలదు.

మరియొక సంగతి. మా నాయనగారు ఆ రోజులలోనే గ్రంథాలయమునకు వచ్చుట మానిరి. పెద్దరికము హెచ్చినదని కొంద రనుకొనిరి. ఆయనకు చెవి వినబడుట తగ్గినది. తప్పు జవాబు చెప్పి నవ్వులపాలగుటకన్న ఇంటనే యుండుట మేలనుకొనిరి. లాన్సెట్ వైద్యపత్రిక నియమించిన నిపుణుల సంఘము 2024లో, మతిభ్రంశమునకు తోడ్పడునవియు, మనము సరిదిద్దుకొన వీలైనవియు నగు పదునాలుగు కారణములను పేర్కొన్నది. వానిలో వినికిడి లోపము, చూపు లోపము, రక్తపుపోటు, మధుమేహము, పొగత్రాగుట, ఒంటరితనము కూడ నున్నవి. వీనినన్నిటిని సరిచేయగలిగినచో నూటికి సుమారు 45 వంతుల వ్యాధిని తప్పించుటకో, వెనుకకు నెట్టుటకో వీలగునని వారి యంచనా. చెవియంత్రము పెట్టుకొనుటకు నామోషీపడువారు ఈ మాట వినవలెను. బిగ్గరగానే చెప్పుచున్నాను!

ఇక ధనము మాట. ఆశ్రమవాసపర్వమున ఒక ఘట్టము చదివినప్పుడెల్ల నా మనస్సు కలగును. యుద్ధానంతరము పదునైదేండ్లు పాండవులయొద్దనున్న ధృతరాష్ట్రుడు, అడవికి పోవుటకు ముందు, భీష్మునకును తన కుమారులకును శ్రాద్ధము పెట్టుటకు ధనము కావలెనని విదురునిచేత ధర్మరాజునకు కబురంపెను. ధర్మరాజు సరేయనెను; భీముడు కాదనెను. భీముని కోపమునకు కారణము లేకపోలేదు. అయినను, ఒకప్పుడు రాజ్యమేలినవాడు కన్నబిడ్డల శ్రాద్ధమునకు ఒకరిని యాచింపవలసివచ్చెను గదా!

మన గ్రామములలో ఆ స్థితి తరచుగా దఖలు దస్తావేజుతో వచ్చుచున్నది. “ఎటులైనను వారిదే గదా” యని బిడ్డలకు ఇల్లు, పొలము వ్రాసియిచ్చుచున్నారు. రిజిస్టరైన దానపత్రము వెంటనే అమలగును. మనసు మారినంత మాత్రమున మరలిరాదు. వీలునామా యట్లు కాదు. వ్రాసినవాని తదనంతరమే అమలగును. బుద్ధి స్థిమితముగా నున్నంతకాలము మార్చుకొనవచ్చును. దానికి స్టాంపుకాగితము అక్కరలేదు, రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. సాక్షు లిద్దరు మాత్రముండవలెను. దానమే యిచ్చి తీరవలెనన్నచో, పోషణ భారము పుచ్చుకొనువారిదని దస్తావేజులోనే స్పష్టముగా వ్రాయించుడు. ఆ షరతు తప్పినచో దస్తావేజును రద్దుచేయుమని, 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టము ననుసరించి, రెవిన్యూ డివిజనల్ అధికారి యధ్యక్షతనుండు ట్రిబ్యునలును కోరవచ్చును. షరతు స్పష్టముగా లేని దస్తావేజులపై వాదములు సుప్రీంకోర్టు వరకు పోయినవి.

జనరల్ పవరు వ్రాసితిమి గదా, తరువాత బిడ్డలే చూచుకొందురని కొందరి ధీమా. ఇచ్చినవానికి మతి తప్పిననాడు ఆ యధికారము చట్టరీత్యా ముగిసిపోవును. దేనికొరకు వ్రాసితిమో ఆనాటికే అది చెల్లదు. నామినీ సంగతియు నిట్టిదే. బ్యాంకునుండి సొమ్ము అందుకొనుటకే నామినీ. వారసులకు ఆ సొమ్ముపై హక్కు పోదు. ఇక టెలిఫోనులో పోలీసులమని బెదరించి, “డిజిటల్ అరెస్టు” అని డబ్బు లాగువారు బయలుదేరిరి. అట్టి అరెస్టు ఏ చట్టమునను లేదు. మోసపోయినవారు వెంటనే 1930కి ఫోను చేయవలెను.

నాకిప్పుడు ఏబదియేడేండ్లు. నిరుడు వీలునామా వ్రాసితిని. నోట్లు, పాసుపుస్తకములు, గడువుతేదీలు ఒక పుస్తకమున కెక్కించి, అది యెక్కడనున్నదో మా యింటిలోనివారికిని, మా అమ్మాయికిని చూపితిని. ప్రతినెల మొదటి ఆదివారము మా అమ్మాయి నా లెక్కలను, నాకు సంక్రమించిన ఈ గ్రంథాలయపు లెక్కలను, నా యెదుటనే తనిఖీ చేయవలెనని నియమము పెట్టితిని. తొలుత నాకే కొంత చిన్నతనముగా తోచెను.

పోయిన నెలలో ఆమె ఒక వరుసమీద వ్రేలుంచి, “నాన్నా, ఈ అరువది రూపాయలు ఖర్చులో పడినవి, జమలో నుండవలెను గదా” అనెను. చూచితిని. నిజమే. కొట్టివేసి, సరియైన చోట వ్రాసి, ప్రక్కన తేదీవేసి పొడి సంతకము చేసితిని. క్రింద ఆమె చేతను చేయించితిని.