అరుగు మీద పడుకున్నవాడు ఎవరి వాడు?

(సంఘం వార్షిక సమావేశంలో కార్యవర్గం తరపున చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ సమయానికి నివేదిక చదవడం ఆనవాయితీ. ఎంత వసూలైంది, ఎంతమంది పిల్లలకు పుస్తకాలిచ్చాం, ఎవరి పెళ్లికి ఎంత సాయం చేశాం అనే లెక్కలు ఈ సంచికలోనే వేరేచోట అచ్చయ్యాయి, చూసుకోండి. ఈసారి కార్యవర్గం మాకు ఇంకో పని అప్పగించింది. ఏడాదిగా మన నెలవారీ సమావేశాల్లో అసలు విషయానికి రాకముందే అరగంట సేపు ఒకే గోడు వినబడుతోంది. బస్సు షెల్టర్లో ఎవరో పడుకుంటున్నారట. సరుగుడు తోటలో కుర్రాళ్లు గంజాయి కాలుస్తున్నారట. ఆడపిల్లలు సాయంత్రం ట్యూషన్‌కు వెళ్లాలంటే ఎవరో ఒకరు తోడు వెళ్లవలసి వస్తోంది. నూతి మీద మోటారు పోయింది, సైకిలు పోయింది, ఎవరికి చెప్పుకున్నా పలికేవాడు లేడు. ఈ గోడునంతా ఒకచోట కూర్చి, ఇందులో ఇతరుల తప్పెంత, మన తప్పెంత అన్నది నలుగురి ముందూ పెట్టమన్నారు.

"వాళ్లు మన పిల్లలు కాదు గదా, మనకెందుకు?" అని ఒకరిద్దరు అన్నారు కూడా. ఈ జిల్లాలో మన సంఖ్య కొద్ది, ఆ మాట నిజమే. కాని మన ఇంటి ముందున్న రోడ్డు మన ఒక్కరిదీ కాదు. రాత్రి తొమ్మిదింటికి దాని మీద నడిచేవాడికి ఎవరి సంఖ్య ఎంతో లెక్క వుండదు.

మా వీధి చివర పీచు పనికి వెళ్లే ఒక తల్లి వుంది. పేరు ఎందుకు, ఇక్కడున్న వాళ్లలో సగం మందికి తెలుసు. ఆమె కొడుకు ఇంటర్ తప్పి హైదరాబాదు వెళ్లి సెంట్రింగు పనిలో చేరాడు. 2020 లాక్‌డౌన్లో తిరిగి వచ్చినవాడు మళ్లీ వెళ్లలేదు. మొదట సిగరెట్టు అనుకుంది. తరువాత ఇంట్లో గ్యాసు బండ పోయింది, ఆ తరువాత ఆమె చెవి దిద్దులు పోయాయి. ఒక రాత్రి మా గుమ్మంలోకి వచ్చి కూలబడిపోయింది. "బావూ, నా గుంటడు సెడిపోనాడు. ఆడ్ని నాను కొట్టగల్నా? ఆడే నన్ను కొట్టేత్తన్నాడు. పెద్దోల్లు, మీరే ఏటైనా సెయ్యండి" అంది.

పెద్దవాళ్లం గదా, బయలుదేరాం. ఒక నాయకుడి దగ్గరకు వెళ్తే "అది మన వార్డు కాదండీ, అవతలి వాళ్లది" అన్నాడు. అవతలి వాళ్ల నాయకుడు పోలీసులకు చెప్పమన్నాడు. ఒక ఆఫీసులో "పట్టుకుంటే కేసు పెట్టవలసి వస్తుంది, కుర్రాడి జీవితం పోతుంది, ఆలోచించుకోండి" అన్నారు. ఆ మనిషి మంచిగానే చెప్పాడు, కాదనం. ఇంకొకచోట "ఆ డాక్టరు ఇక్కడ లేరు, విశాఖపట్నం తీసుకుపొండి" అన్నారు. సుమారు రెండువందల కిలోమీటర్ల దూరం. రోజు కూలి మానుకుని, పెరిగిన కొడుకును చెయ్యి పట్టుకుని బస్సెక్కించుకుని ఆ తల్లి ఎన్నిసార్లు వెళ్లగలదు? చివరికి అందరి దగ్గరా తిరిగి మళ్లీ మా గుమ్మం దగ్గరికే వచ్చాం.

ఇన్ని గుమ్మాలు తిరిగినా ఒక్కరూ చెప్పని సంగతి ఒకటి వుంది. ఒక వకీలు మిత్రుడు చెప్తే తెలిసింది. మత్తుమందుల చట్టం 1985లో వచ్చింది. అందులో 64-ఎ అనే సెక్షను వుంది. మత్తు వాడినందుకో, కొద్దిపాటి పరిమాణం దొరికినందుకో కేసులో ఇరుక్కున్న అలవాటుపడ్డ మనిషి, ప్రభుత్వం నడిపే లేదా గుర్తించిన ఆసుపత్రిలో తనంతట తాను చేరి చికిత్స పూర్తిగా చేయించుకుంటే, అతన్ని ఆ నేరానికి విచారించరు. గంజాయి విషయంలో కొద్దిపాటి అంటే కిలో వరకు. అమ్మేవాడికి ఈ మినహాయింపు లేదు, వుండకూడదు కూడా. కాని తాగేవాడికి చట్టంలోనే ఒక తలుపు వుంచారు. కేసు భయంతో కొడుకును దాచిపెట్టుకున్న తల్లికి ఈ ఒక్క ముక్క ముందే తెలిసివుంటే ఆ దిద్దులు పోకముందే ఆసుపత్రికి వెళ్లేవారు గదా! 14446 అని మత్తు మాన్పించడానికి దేశమంతటికీ ఒక ఉచిత ఫోను నంబరు వున్న సంగతి కూడా మాకు అప్పుడే తెలిసింది.

ఆ కుర్రాడు వెళ్లాడు. నెల రోజులు వుండి వచ్చాడు. మూడు నెలలు బాగానే వున్నాడు, మళ్లీ మొదలుపెట్టాడు, మళ్లీ వెళ్లాడు. ఇప్పుడు కొన్నాళ్లు పనికి వెళ్తున్నాడు, కొన్నాళ్లు వెళ్లడం లేదు. ఇంతకంటే బాగుందని చెప్పి మిమ్మల్ని సంతోషపెట్టలేం.

గంజాయి ఎక్కడో కొండల్లో పండుతుంది. విశాఖ ఏజెన్సీలోనూ, సరిహద్దు అవతల ఒడిశా కొండల్లోనూ పండి, 16వ నంబరు జాతీయ రహదారి మీదా, హౌరా చెన్నై రైలు మార్గం మీదా మన పక్కనుంచే దూరదేశాలకు పోతుంది. పెద్ద మూటలు ముందుకు పోతాయి, చిల్లర పొట్లాలు దారిలో మన దగ్గర రాలతాయి. పోలీసులు ఏమీ చేయలేదనడం అన్యాయం. 2021 చివర 'పరివర్తన' పేరుతో ఏజెన్సీలో తోటలు నరికారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు రెండు లక్షల కిలోలు ఒకేచోట తగలబెట్టారు. 2024లో 'ఈగల్' అని ప్రత్యేక దళం పెట్టి, 1972 నంబరు ఇచ్చారు. అంత తగలబెట్టినా మన సరుగుడు తోటలో వాసన పోలేదంటే, పండించేవాడి సంగతి ఎలా వున్నా కొనేవాడు ఇక్కడే తయారవుతున్నాడన్నమాట.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో మద్యం తిరిగి వచ్చింది, అది వేరే కథ. మన ఆడవాళ్లూ అలా చేయాలని నిరుడు ఒక పెద్దమనిషి సలహా ఇచ్చాడు. కాని సారాకు దుకాణం వుండేది. నలుగురు వెళ్లి తాళం వేయించగలిగారు. గంజాయి జేబులో వుంటుంది. ఎవరి జేబుకని తాళం వేస్తారు? ఇంకొక మాట, ఎవరికీ కోపం రాకూడదు. 2019లో వెలువడిన జాతీయ సర్వేలో దేశం మొత్తం మీద గంజాయి, భంగు వాడేవాళ్లు మూడు కోట్ల పైచిలుకైతే, మద్యం తాగేవాళ్లు పదహారు కోట్లు. గంజాయి అనగానే పళ్లు నూరే మనం, 2024 అక్టోబరులో 99 రూపాయల క్వార్టరు సీసా వచ్చినప్పుడు నోరెత్తలేదు. ఆ కుర్రాడి తండ్రి పోయింది ఏ అలవాటుతోనో మనందరికీ తెలుసు.

ఇక ఇల్లు లేనివాళ్ల సంగతి. దీన్ని గురించి మాట్లాడడం మాకు కష్టంగా వుంది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ మన పలాస తీరాన్ని తాకింది. గంటకు నూటనలభై, నూటయాభై కిలోమీటర్ల గాలి. ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస ఏ చెట్టు నిలబడిందో ఏది పడిందో మీకు మేము చెప్పనక్కరలేదు. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, రెండూ అక్టోబరు 12నే. ఆశ్వయుజం వస్తుందంటే మనకు గుండెల్లో దడ. ఐతే తిత్లీ నాడు ఇంకొకటి జరిగింది. అంతకు రెండు నెలల ముందే, ఆగస్టు మొదట్లో, రాష్ట్రమంతటా పంచాయతీల గడువు ముగిసిపోయింది. ఎన్నికలు పెట్టకుండా స్పెషలాఫీసర్లను వేశారు. మళ్లీ ఎన్నికలు జరిగింది 2021 ఫిబ్రవరిలో. అంటే ఇళ్లు కూలిన రోజునా, జాబితాలు రాసిన నెలల్లోనూ, నష్టపరిహారం పంచిన కాలంలోనూ ఈ తీరంలో ఏ వూరికీ ఎన్నికైన సర్పంచి లేడు. ఒక ఆఫీసరు నాలుగైదు వూళ్లు చూసుకోవాలి, ఆయన మాత్రం ఏం చేస్తాడు? ఏ గుడిసె ఎవరిది, ఆ గుడిసె తాలూకు మనిషి ఆ రోజు ఏ వూరు కూలికి పోయాడు అన్నది వూళ్లోవాడికి తెలుస్తుంది గాని, ఆఫీసరుకు ఎలా తెలుస్తుంది? ఎన్నికలు వచ్చాక మాత్రం ఏమైంది అంటారా? జెండాలు లేని ఎన్నికలని పేరే గాని, ఎవరి జెండా ఎవరి జేబులో వుందో చంటిపిల్లవాడు కూడా చెప్తాడు. గెలిచిన వీధికి దీపం, ఓడిన వీధికి చీకటి.

నిరుడు వానాకాలంలో బస్సు షెల్టర్లో ఒక ముసలాయన వుండేవాడు. నీలం దుప్పటి, చేతిలో ఎప్పుడూ ఒక ప్లాస్టిక్ సంచి. తనలో తాను మాట్లాడుకునేవాడు. ఎవరినీ ఏమీ అనలేదు. గంజాయి కుర్రాళ్ల మీద మనకున్న కోపం అంతా ఆయన మీదకి తిరిగింది, ఎందుకంటే ఆయన తిరిగి ఏమీ అనలేడు. ఫిర్యాదులు వచ్చాయి. ఒక రాత్రి ఇద్దరు కుర్రాళ్లు ఆయన్ని ఆటోలో బారువ స్టేషనుకు తీసుకుపోయి, వచ్చిన ప్యాసింజరు ఎక్కించి వచ్చారు. ఆటోకు రెండువందల రూపాయలు. ఆ రెండువందలు మన సంఘం పద్దులో 'ఇతర ఖర్చులు' కింద వున్నాయి. సంతకం మాదే.

పదిహేను రోజులకు మందస వైపు పల్లె నుంచి ఒకామె వచ్చింది. రేషను కార్డు జిరాక్సు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. "మా పెదనాన్న ఈడనే ఉండేవోడంట గదా బాబూ, ఏ పక్కకెల్లినాడో సూసినారేటి?" తిత్లీకి ఆయన గుడిసె పడిపోయింది. అప్పుడు ఆయన చెన్నైలో కూలి పనిలో వున్నాడు. వచ్చేసరికి జాబితా అయిపోయింది, పేరు లేదు. ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి, భార్య పోయాక మతి చలించి ఇలా వీధుల్లో పడ్డాడట. మేము చూడలేదన్నాం. అవును, అబద్ధం చెప్పాం. మూడు రోజులు నిద్ర పట్టక, ఆమె వూరు వెతుక్కుంటూ వెళ్లి నిజం చెప్పాం. తిట్టలేదు. మంచినీళ్లు ఇచ్చింది.

మానసిక ఆరోగ్య చట్టం 2017లో వచ్చింది. దాని 100వ సెక్షను ప్రకారం, మతిస్థిమితం లేక తన్ను తాను చూసుకోలేని మనిషి వీధిలో తిరుగుతుంటే, రక్షణలోకి తీసుకుని ఇరవైనాలుగు గంటల లోపల దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చే బాధ్యత స్టేషను అధికారిది. లాకప్పులో పెట్టకూడదు. తప్పిపోయిన మనిషి కింద కేసు రాసి, అతని వాళ్లను వెతకాలి. అంటే ఆ రాత్రి మేము ఆటో పిలవవలసింది స్టేషనుకు కాదు, ఠాణాకు. ఫోను చేస్తే సరిపోయేది. మాకు తెలియదు. మాకు తెలియజెప్పవలసిన వాళ్లకూ తెలియదు కాబోలు.

2011 జనాభా లెక్కల్లో దేశంలో ఇల్లు లేనివాళ్లు 17 లక్షల 70 వేల పైన తేలారు. అందులో ఎనిమిది లక్షల పైచిలుకు పల్లెల్లోనే. కాని నిరాశ్రయుల వసతి గృహాల పథకం పట్టణాలకే. లక్ష జనాభాకు నూరుమందికి సరిపడా ఒక గృహం అని లెక్క. బారువ పట్టణం కాదు. తుఫాను షెల్టరు తుఫానుకే తెరుస్తారు. ఇళ్ల స్థలాల సంగతి సరే, పల్లెలో సెంటున్నర అని 2020లో ఇచ్చారు, మూడు సెంట్లని 2024లో మాట ఇచ్చారు. సెంట్ల లెక్క ఎంతైనా జాబితాలో పేరు లేనివాడికి ఒకటే.

2024 ఆగస్టు 23న ఉపాధి పనుల కోసం రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిపారు. పైనుంచి తలుచుకుంటే జరుగుతాయన్నమాట. కింది నుంచి తలుచుకున్న రోజు కూడా వుంది. 2010లో సోంపేట బీల భూముల్లో థర్మల్ కేంద్రం వద్దని ఈ చుట్టుపక్కల వూళ్లే నిలబడ్డాయి. జూలై 14న కాల్పుల్లో ఇద్దరు పోయారు, అనుమతి రద్దయింది. అప్పుడు ఎవరి వార్డు అని ఎవరూ అడగలేదు.

వచ్చే గ్రామసభకు మన సంఘం తరపున ఒక అర్జీ తయారుచేశాం. తిత్లీ జాబితాలో తప్పిపోయిన పేర్లు వీధి వీధికీ తిరిగి రాశాం. ఆస్పత్రికి వెళ్లవలసిన కుర్రాళ్ల బస్సు చార్జీలకు సంఘం నిధిలోంచి కొంత తీసిపెట్టాం, కులమతాలు చూడకుండా. అర్జీ మీద సంతకాలకు కాగితం అదుగో, బల్ల మీద వుంది. భోజనాలకు ముందే పెట్టి వెళ్లండి, తరువాతంటే కుదరదు.

ముసలాయన ఇంకా దొరకలేదు. ఆ పిల్లతో కలిసి ఫిర్యాదు ఇచ్చి వచ్చాం. ఆ ప్యాసింజరు పలాస వైపు వెళ్లింది. మీలో వ్యాపారం మీద పలాస, టెక్కలి, శ్రీకాకుళం వెళ్లేవాళ్లు చాలామంది వున్నారు. స్టేషన్లలో, బస్సు స్టాండుల్లో ఒకసారి చూడండి. డెబ్బై ఏళ్లు వుంటాయి, పొట్టిగా వుంటాడు, నీలం దుప్పటి. పేరు పిలిస్తే పలకడు. కొబ్బరి ఎంత అని అడిగితే మాత్రం తలెత్తి ధర చెప్తాడు, ఆ ధర ఎప్పటిదో.